వంటింట్లో మగ్గం గుంట

మా మామకు ఒక పిచ్చి ఉండేది. పిచ్చి అంటే ఆయన ఊరుకునేవాడు కాదు, పద్ధతి అనేవాడు. ఉగాది వస్తోందంటే ఇంటికి ఒక మేలు జరగాలి, ఇంట్లో మనుషులకు ఒక కొత్త అలవాటు పట్టుబడాలి. పండక్కి నెల ముందు నుంచే మగ్గం మీద కూర్చుని, దారపు నాడె అటూ ఇటూ విసురుతూ, "ఈ తూరి ఏం చేద్దామప్పా?" అని తనలో తనే అనుకుంటూ ఉండేవాడు. మమ్మల్ని అడుగుతున్నాడేమోనని మొదట్లో నేను జవాబు చెప్పేదాన్ని. ఆయన అడిగేది మగ్గాన్ని అని తర్వాత తెలిసింది.

నేను కబ్బన్‌పేటలో ఆ ఇంటికి కోడలిగా వచ్చిన ఏడు జరిగిన మేలు, మగ్గాల మీద కరెంటు బల్బు. మరుసటి ఏడు గోడ గడియారం. ఆ పై ఏడు మగ్గాల హాలు కప్పులో రెండు గాజు పెంకులు. ఇక అలవాట్ల సంగతి చెప్పాలంటే, బొగ్గు మానేసి పళ్ళపొడి వాడటం ఒకటి, పొద్దున అంబలికి బదులు కాఫీ తాగటం ఒకటి. ఈ రెండూ నిలిచాయి. మధ్యాహ్నం అన్నం తిన్నాక గంటసేపు ఇంట్లో ఎవరూ మాట్లాడకూడదని ఒక ఏడు పెట్టాడు. అది నా కోసమే పెట్టాడని ఇంట్లో అందరికీ తెలుసు. నాలుగు రోజులు కూడా నిలవలేదు. నా నోరు ఊరుకునేది కాదు, ఇప్పటికీ ఊరుకోదు.

ఈ మేళ్ళన్నీ ముందరి హాల్లోనే ఆగిపోయేవి. మా ఇల్లు రైలు పెట్టెలాగా పొడుగ్గా ఉండేది. ముందు మగ్గాల హాలు, మధ్యలో ఒక గది, చివర వంటిల్లు, ఆ వెనక నీళ్ళ నల్లి ఉన్న పెరడు. బల్బు హాల్లో వెలిగింది, గడియారం హాల్లో కొట్టింది, గాజు పెంకులోంచి ఎండ హాల్లో పడింది. వంటింటికి మాత్రం ఆ ఇల్లు కట్టిన నాటి నుంచి ఒక్క మేకు కూడా కొత్తగా కొట్టలేదు. అదే పొగ, నేల మీద అదే మట్టి పొయ్యి, ఆ పొయ్యి ముందర అవే నాలుగు బండలు.

ఆ బండల మీద మా అత్త కూర్చునేది. పొట్టి మనిషి, గట్టి మనిషి. మాట తక్కువ, చేతి రుచి ఎక్కువ. ఒక మోకాలు మడిచి, ఒక మోకాలు నిలబెట్టి, చిన్న పీట మీద కూర్చుని వండేది. కూర్చున్నంతసేపూ బాగానే ఉండేది. లేవాలంటేనే కష్టం. గోడకు ఒక చెయ్యి ఆనించి, నిలబెట్టిన మోకాలి మీద ఇంకో చెయ్యి వేసి, "శివా" అని పళ్ళ బిగువున లేచేది. లేవకుండా గడిచిపోవాలని పప్పు డబ్బా, ఉప్పు జాడీ, నీళ్ళ బిందె, పుల్లలు అన్నీ చుట్టూ పేర్చుకుని అప్పుడు కూర్చునేది. ఆ చుట్టూ పేర్చుకోవటం చూసి ఎంత పొందికైన మనిషో అనుకున్నాను. మోకాళ్ళ నొప్పి అని గ్రహించటానికి నాకు మూడేళ్ళు పట్టింది. నా బుద్ధి అంత చురుకైనది.

యుద్ధం ముగిసిన మరుసటి ఏడు, ఫాల్గుణమాసంలో ఒక పొద్దున, నేను హాల్లో రాట్నం ముందు కూర్చుని నూలు కండెలు చుడుతున్నాను. పాలు మాడుతున్న వాసన వచ్చింది. మా అత్త ఉండగా పాలు మాడటమా! నేను పరుగెత్తాను, నా వెనకే మా మామ, మా ఆయన. అత్త పొయ్యి ముందర కూర్చునే ఉంది. పాలు పొంగి పొయ్యిలో పడుతున్నాయి. ఆమె ఒక చేత్తో గోడను పట్టుకుంది. గిన్నె చేతికి మూరెడు దూరంలో ఉంది, అందటం లేదు. లేవబోయింది, లేవలేకపోయింది.

మామ గుమ్మంలోనే ఆగిపోయాడు, నేనూ మా ఆయనా రెండు రెక్కలూ పట్టుకుని లేపాం. "ఏం లేదు, కాలు తిమ్మిరి పట్టిండాది, అంతే" అంది మమ్మల్ని చూడకుండా. అబద్ధమని పొయ్యికి కూడా తెలుసు.

ఆ మధ్యాహ్నం అన్నాల దగ్గర మా మామ గొంతు సవరించుకున్నాడు. "ఈ ఉగాదికి మేలు ఏందో నాకు తట్టింది" అన్నాడు. "మీ అత్తకు రెస్టు. పండగ నాటి నుంచి వంటిల్లు కోడలిది. మీ అత్త ఇంక సుమ్మనే, ఊరికే కూచోని చెప్తా ఉంటే చాలు."

అని మా అందరి వంకా గర్వంగా చూశాడు. ఆయన నిజంగా మంచికే అన్నాడు, అదే వచ్చిన చిక్కు. చెడ్డగా అని ఉంటే అక్కడికక్కడే పోట్లాడి ఉండేదాన్ని. అత్త ఆయన విస్తట్లో మజ్జిగ పోసి లోపలికి పోయింది.

నేను పెరట్లో గిన్నెలు తోముతుంటే అత్త పక్కన వచ్చి కూర్చుంది. కూర్చుంది అంటే, నల్లి దగ్గర రాతి గట్టు మీద ఒరిగింది. "ముప్పైయేడేండ్లాయ మే, నేనీ ఇంటికొచ్చి. మగ్గం మీ మామది. ఇల్లు వాళ్ళ నాయన కట్టిచ్చింది. ఆ పొయ్యి ముందర నాలుగు బండలు మాత్రమే నావి. అవి గూడా పోతే నేను యాడ కూచోవాల చెప్పు?"

అని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆమె ఏడవటం చూడటం నాకు అదే మొదలు. జాలితో పాటు భయం కూడా వేసింది, ఎందుకు దాచాలి? నాకు వంట రాదు. నేను కెలికిన సంగటిలో ఉండలు ఏరేసి తినాల్సి వచ్చేది. పైగా హాల్లో మూలన, యుద్ధంలో నూలు దొరక్క నిలిచిపోయిన మూడో మగ్గం ఒకటి ఉండేది. దాని మీద నాకు కన్ను. మా ఆయన మధ్యాహ్నాలు నాకు కొంచెం కొంచెం నేత నేర్పుతున్నాడు. వంటిల్లు నెత్తిన పడితే ఆ మగ్గం ఇక కలలోని మాటే. ఆమెకు వంటిల్లు పోకూడదు, నాకు వంటిల్లు రాకూడదు. అత్తాకోడళ్ళు ఇంతగా ఒక్క మాట మీద నిలబడిన ఇల్లు మా పేటలో మరొకటి ఉండి ఉండదు.

మొదట నాకు తట్టింది అందరికీ తట్టేదే. దండు వైపు దొరల బంగళాల్లో పొయ్యి నడుమెత్తు గట్టు మీద ఉంటుందని, ఆడవాళ్ళు నిలబడి వండుతారని విని ఉన్నాను. అదే చెప్పాను.

"నిలబడి వండేదానికి నేనేమన్నా హోటలు నడపతాండానా?" అంది అత్త. "నిలబడితే మాత్రం మోకాళ్ళు నొయ్యవా? నిలబడి సంగటి కెలకమని చెప్పు ఎవుర్నన్నా, చూస్తాను."

అదీ నిజమే. సంగటి నిలబడి కెలికే పని కాదు. దానికి ఒళ్ళంతా బరువు వెయ్యాలి. నేను నోరు మూసుకున్నాను. నోరు మూసుకున్న రోజు కాబట్టి నాకది బాగా గుర్తు.

రెండో రోజో మూడో రోజో, కండెలు చుడుతూ ఊరికే మా మామ వంక చూస్తున్నాను. అరవై దాటిన మనిషి. మా మగ్గాలు గుంట మగ్గాలు. నేలలో గుంట ఉంటుంది, నేసేవాడు దాని అంచున నేల మీదే కూర్చుని కాళ్ళు గుంటలోకి వేలాడేస్తాడు. అడుగున తొక్కుడు కట్టెలు ఉంటాయి, వాటిని కాళ్ళతో తొక్కుతుంటే పైన దారాలు విడివడతాయి, చేత్తో నాడె విసురుతాడు. పొద్దున ఆరింటికి దిగినవాడు అన్నానికి లేచి, మళ్ళీ దిగి, సాయంత్రానికి లేస్తాడు. రెండు చేతులూ నేలకు ఆనించి, గుంటలోని మెట్టు మీద అడుగు వేసి, యువకుడిలా లేచి వస్తాడు. ఒక్కనాడూ "శివా" అనగా వినలేదు.

నా చేతిలో రాట్నం ఆగిపోయింది.

తలుపు చాటున నిలబడి మాట్లాడాల్సినదాన్ని, ఏకంగా ఆయన మగ్గం ముందుకే వెళ్ళి నిలబడ్డాను. "మామా, మీకు మోకాళ్ళు నొస్తాయా?"

"ఎందుకు నొస్తాయమ్మా? కాళ్ళు కిందికి యాలాడతాండాయి గదా."

"అట్లే అత్త కాళ్ళు గూడా యాలాడనీండి. పొయ్యి ముందర ఒక గుంట తవ్విద్దాం. ఈ ఏటి మేలు అది."

నాడె ఆగింది. పక్క మగ్గం మీద మా ఆయన నాడె కూడా ఆగింది. "వంటింట్లో మగ్గం గుంటా?" అన్నాడు మామ. "నలుగురికీ తెలిస్తే నవ్వుతారు."

"నవ్వనీండి. అత్త ఏడ్చేదానికంటే ఊరు నవ్వేదే నయం."

"ఏడ్చిందా?" అన్నాడు. మళ్ళీ నేయటం మొదలుపెట్టలేదు. ఆయనకు నిజంగా తెలియదు. ముప్పైయేడేళ్ళు ఒక ఇంట్లో ఉండి తెలియకపోవటమేమిటని నాకు ఒళ్ళు మండింది కానీ, ఆ మొహం చూశాక కోపం సగం దిగిపోయింది.

అయినా ఆయన ఆయనే. "రాబోయే ఏడు పేరే వ్యయ. ఇంట్లో బండలు పెరికి ఆ పేరు నిలబెట్టాలంటావా?" అని సణిగాడు. ఆ తర్వాత షరతు పెట్టాడు. "సరే, తవ్వండి. కానీ ఉగాది నాడు ఆమె ఆ గుంటలో కూచోని సంగటి కెలకాల, ఓళిగలు కాల్చాల, తనంతట తాను లేసి రావాల. ఎవురూ చెయ్యి పట్టుకోకూడదు. కాలేదనుకో, గుంట పూడ్చేసి వంటిల్లు నువ్వు తీసుకో. ఇంక దాని మీద మాట ఉండకూడదు."

"ఉండదు" అన్నాను. నా మాట గురించి ఆయనకు అనుమానం ఉన్నట్టే చూశాడు.

కొలత తీసుకోవాలి. మా మామ నేసిన చీరలు షావుకారుకు ఇచ్చి రావటానికి చిక్కపేటకు వెళ్ళిన పూట, అత్తను తీసుకొచ్చి ఆయన మగ్గం గుంట అంచున కూర్చోబెట్టాం. నేతగాళ్ళ ఇంట పుట్టి, నేతగాళ్ళ ఇంట మెట్టి, ఆమె మగ్గంలో కూర్చోవటం అదే మొదటిసారి. మామ పొడుగు మనిషి కాబట్టి ఆమె పాదాలు అడుగుకు అందలేదు. మా ఆయన కింద పలకలు ఒకటొకటిగా పేర్చి, పాదాలు ఆనిన చోట గుర్తు పెట్టుకున్నాడు. ఇంతలో ఆమె ముందుకు జరిగి, ఒక కాలితో తొక్కుడు కట్టెను నొక్కింది. పైన దారాలు విడివడ్డాయి. ఇంకో కాలితో నొక్కింది, మూసుకున్నాయి. మళ్ళీ నొక్కింది.

"ఇంతేనా?" అంది. "ఇంత సుళువు పనికా మీ నాయన ఇన్నేండ్లు నా మింద గొప్పలు పోతాండేది?"

మా ఆయన నవ్వలేక నవ్వాడు. నేను మాత్రం ఇల్లు అదిరేలా నవ్వాను.

తవ్వటానికి రెండు రోజులు పట్టింది. గడ్డపారతో బండలు లేపితే కింద ఎర్రమన్ను, ఇనుములా ఉంది. మా ఆయన తవ్వాడు, నేను తట్టలతో పెరట్లోకి మోశాను. ఆ రెండు రోజులు వంట పెరట్లోనే. ఇరుగుపొరుగు ఊరుకుంటారా? గోడ మీది నుంచి ఒకావిడ, "ఏం మే, కొత్త మగ్గమా? వంటింట్లో ఏం నేస్తారు?" అంది. "సంగటి నేస్తాం" అన్నాను. సాయంత్రానికి ఆ మాట సందు మొత్తం తిరిగి మా మామ చెవిన పడింది. ఆయన మొహం మాడ్చుకున్నాడు కానీ, మాట ఇచ్చినవాడు కాబట్టి నోరెత్తలేదు.

గుంట పక్కలకు రాయి పెట్టాం, అడుగున బండ పరిచాం, ఎడమ వైపు రెండు మెట్లు. పొయ్యి నోరు గుంట వైపు ఉంటే వేడి మోకాళ్ళకు కొడుతుందని, దాన్ని పక్కకు తిప్పి కొత్తగా మెత్తాం. అన్నీ నేనే ఆలోచించానని నాకు మహా గర్వం. అత్త పసుపు కుంకుమ పెట్టి, దండం పెట్టి, మెట్లు దిగి కూర్చుంది. అన్నం వండింది, చారు కాచింది. వండి, రెండు చేతులూ ఆనించి, రెండు మెట్లూ ఎక్కి బయటికి వచ్చింది. "నొప్పి?" అని అడిగాను. "ఉండాదిలే, ఉంటే ఉండనీ. లేసినా గదా" అంది. నాకు కాళ్ళు నేల మీద ఆనలేదు.

మరునాడు సంగటి.

సంగటి కెలికే తీరు తెలియనివాళ్ళకు చెప్పాలి. రాగిపిండి నీళ్ళలో ఉడికాక కుండను పొయ్యి మీది నుంచి దించి నేల మీద పెడతారు. కుండ మెడకు ఒక పంగల కట్టె తగిలించి, ఆ కట్టె రెండు కొనలనూ రెండు పాదాల కిందా అదిమి పట్టి, అప్పుడు రెండు చేతులతో తెడ్డు పట్టుకుని ఒళ్ళంతా బరువు వేసి కెలుకుతారు. పాదాలు కుండను పట్టుకోకపోతే చేతులు ఏమీ చేయలేవు.

పాదాలు గుంటలో ఉన్నాయి కదా!

చూడండి మా తెలివి. నేతవాళ్ళం మేము. మగ్గానికి కాళ్ళు కావాలని పుట్టినప్పటి నుంచి తెలుసు. వంట మాత్రం చేతి పని అనుకున్నాం. ఉండలు కట్టినా సరే, ఆ ఇంట్లో సంగటి నేను కూడా కెలికినదాన్ని, నా పాదాలతో ఆ కట్టెను తొక్కిపెట్టినదాన్ని. కొలతలన్నీ తీసుకుని, రాళ్ళన్నీ పేర్చి, పొయ్యి నోరు తిప్పి, కాళ్ళ సంగతి మర్చిపోయాను.

"నేను పట్టుకుంటాను, మీరు కెలకండి" అన్నాను. పంగల కట్టెను రెండు చేతులతో అదిమి పట్టుకున్నాను. అత్త తెడ్డు దించి ఒక్క ఊపు ఊపింది. ఆ చేతుల్లో అంత బలం ఉందని నేను ఎరగను. కట్టె నా పట్టులోంచి జారింది, కుండ ఒరిగింది, దొర్లి గుంటలో పడింది. కుతకుతలాడే సంగటి ఆమె పాదం పక్కనే పడి, రెండు వేళ్ళు బొబ్బలెక్కాయి.

అసలే రేషను రోజులు. రాగులు దొరకటమే గగనం. చప్పుడు విని వచ్చిన మా మామ గుమ్మంలో నిలబడి, ముందు ఆమె కాలు చూశాడు, తర్వాత గుంటలోని సంగటి చూశాడు. "చాలప్పా ఈ ఆటలు" అన్నాడు. కోపంగా కూడా అనలేదు. "రేపు పూడ్చేయండి." అని వెళ్ళిపోయాడు. ఉగాది ఇంకా ఐదు రోజులు.

నాకు తల కొట్టేసినట్టయింది. ఏడుపు వస్తే నాకు కోపం కూడా వస్తుంది, రెండూ కలిసే వస్తాయి. మా ఆయన్ని తిట్టాను, నువ్వయినా చెప్పకూడదా అని. కుండను తిట్టాను. రాగుల్ని తిట్టాను. "రేపెందుకు, ఇప్పుడే పూడుస్తాను" అని పెరట్లోకి వెళ్ళి తట్టెడు మన్ను ఎత్తుకొచ్చి గుంట అంచున నిలబడ్డాను. అత్త మెట్టు మీద కూర్చుని వేళ్ళకు వెన్న రాసుకుంటోంది.

"ఆగు మే" అంది తల ఎత్తకుండా. "ఆ మన్ను కింద పెట్టు. మూలన ఊరికే పడి ఉండే మగ్గం ఉండాది గదా, దాంట్లోది ఒక తొక్కుడు కట్టె తెమ్మని చెప్పు మీ ఆయనకు. రెండు తాళ్ళు గూడా."

నాకు అర్థం కాలేదు. గుమ్మంలో నిలబడి తిట్లు తింటున్న మా ఆయనకు మాత్రం చప్పున అర్థమైంది. "అమ్మా!" అన్నాడు. ఆ ఒక్క మాటే అని హాల్లోకి పరుగెత్తాడు.

ఆమె ఆలోచన ఇది. కాళ్ళు గుంటలో ఉన్నాయి కాబట్టి కుండను పట్టుకునే పని గుంటలోకే దించాలి. పంగల కట్టె రెండు కొనలకూ తాళ్ళు కట్టి, గుంట అంచు మీదుగా కిందికి దించి, అడుగున ఉన్న తొక్కుడు కట్టెకు ముడి వేయాలి. కుండకు గుంట వైపున కదలకుండా ఒక రాయి పాతాలి. కాలితో తొక్కితే తాడు బిగిసి, పంగ కుండ మెడను పట్టుకుని రాయికి అదిమేస్తుంది. కాలు తీస్తే వదులుతుంది. ఆ పూట మామ మగ్గంలో కూర్చుని ఊరికే తొక్కి చూసింది కదా, ఆమె పాదాలు ఆ విద్య నేర్చుకుని వచ్చాయి. అంత మెదడున్న మనిషిని నాలుగు బండలకే సరిపెట్టుకోనిచ్చిన ఆ ఇంటిని ఏమనాలి? అందులో నేనూ ఉన్నాను లెండి.

మా ఆయన నా మగ్గం కాలు ఊడదీశాడు. నా మగ్గమని అప్పటికి ఎవరూ ఒప్పుకోలేదు కానీ, నేను ఒప్పుకున్నాను కదా. మనసు చివుక్కుమంది. అయినా తాడు పట్టుకుని సాయం చేశాను.

రాగులు పాడు చేయటానికి లేదు. అందుకని కుండలో ఊక, నీళ్ళు పోసి సాధన చేసింది. మామ హాల్లో మగ్గం మీద ఉన్నంతసేపూ లోపల అత్త ఊక కెలుకుతూనే ఉంది. మొదటి రోజు తాడు వదులైంది. రెండో రోజు రాయి కదిలింది. మూడో రోజు కుండ కదల్లేదు. "గుంట పూడ్చినారా?" అని మామ అడిగితే, "మన్ను తడి ఉండాది, రేపు పూడుస్తాం" అని మా ఆయన రోజుకోసారి చెప్పేవాడు. అబద్ధం ఆడటంలో అతనికి అంత నేర్పు లేదు. మామ నమ్మాడని నేననుకోను. కానీ లోపలికి తొంగి చూడలేదు.

ఉగాది వచ్చింది. నూనె స్నానాలయ్యాయి, మామిడాకులు కట్టాం, వేపపువ్వు బెల్లం నోట్లో వేసుకున్నాం. అత్త కొత్త చీర కట్టుకుని, కొంగు నడుముకు బిగించి, రెండు మెట్లూ దిగింది. పండగ పూట సంగటి ఎవరూ చేయరు. షరతు షరతే కాబట్టి ముందు అదే పెట్టింది. కుండ దించింది, పంగల కట్టె తగిలించింది, కాలు నొక్కింది. తాడు బిగిసింది. నేను గోడకు ఆనుకుని చూస్తున్నాను. తెడ్డు ఒక చుట్టు తిరిగింది, రెండో చుట్టు, మూడో చుట్టు. కుండ బండకు మొలిచినట్టు నిలబడింది. ఉండలు లేకుండా నున్నటి ముద్దలు చేసి పళ్ళెంలో వరసగా పెట్టింది. నాకు అరవాలనిపించింది. ఆమె చూపుతోనే నోరు మూయించి, పెనం పెట్టి ఓళిగలు, అదే బొబ్బట్లు, మొదలుపెట్టింది.

హాల్లో మా మామ చాప మీద కూర్చుని గడియారం చూస్తున్నాడు. ఏదో తోచక, ముప్పైయేడేళ్ళ అలవాటు చొప్పున, "ఏమే, రవంత నీళ్ళు తే" అని కేకేశాడు.

మా నేతవాళ్ళ ఇళ్ళలో ఒక మర్యాద ఉంది. గుంటలో దిగి కూర్చున్న మనిషిని ఎవరూ లేపరు. చుట్టం వచ్చినా, షావుకారు వచ్చినా, వాళ్ళే గుంట దగ్గరికి రావాలి. మంచినీళ్ళయినా మజ్జిగయినా అక్కడికే తెచ్చి ఇస్తారు. ఆ మర్యాద ఇంతవరకూ మగవాళ్ళే అనుభవించారు, ఎందుకంటే గుంటలో కూర్చునేది వాళ్ళే.

అత్త ఓళిగ తిరగేసింది. తర్వాత హాలు దాకా వినిపించేలా గొంతెత్తింది. "నేను గుంటలో ఉండాను. కావాలంటే నువ్వే వచ్చి ముంచుకో."

మా ఆయన తల దించుకుని భుజాలు ఎగరేస్తూ నవ్వు ఆపుకుంటున్నాడని నాకు తలుపు సందులోంచి కనిపిస్తోంది. చాప కదిలిన చప్పుడైంది. మామ వచ్చాడు. వంటింటి గుమ్మం దాటి లోపలికి రావటం నేను చూడగా అదే మొదలు. చెంబుతో నీళ్ళు ముంచుకుని గటగటా తాగాడు. తాగి, వెళ్ళలేదు. సంగటి ముద్దల వంక చూశాడు. ఒకటి తీసుకుని వేళ్ళతో విడదీసి చూశాడు. ఉండ దొరకలేదు. పంగల కట్టె చూశాడు, తాడు చూశాడు. గుంట అంచున గొంతుక్కూర్చుని, ఒక నేతగాడు ఇంకో నేతగాడి మగ్గాన్ని చూసినట్టు, తాడు లాగి చూశాడు, ముడి బిగువు చూశాడు.

"ఎవురిది ఈ యోచన?" అన్నాడు.

"నాదే" అంది అత్త.

అత్త పెనం మీది ఓళిగ తీసి, నెయ్యి వేసి, ఆయన చేతిలో పెట్టింది. ఆ చేతిలోంచి ఈ చేతిలోకి మార్చుకుంటూ, ఊదుకుంటూ తిన్నాడు. "ఇంత ఉడుకుగా నేనెప్పుడూ తినిందే లేదు" అన్నాడు.

"ఎట్ల తింటావు? నీ కాడికి వచ్చేలోపల సల్లారిపోతాంది. ముప్పైయేడేండ్లూ నువ్వు సల్లటిదే తింటివి."

ఆయన తిని చెయ్యి కడుక్కుని, ఆమెకు చెయ్యి అందించాడు, లేపుదామని. ఆమె ఆ చేతిని పక్కకు నెట్టింది. "ఎవురూ పట్టుకోకూడదంటివే?" అని రెండు అరచేతులూ బండల మీద ఆనించింది. ఒక మెట్టు. రెండో మెట్టు. "శివా" అనలేదు. లేచి ఆయన ఎదురుగా నిలబడింది. ఆయన ఛాతీ దాకా కూడా రాదు. నుదుట చెమట, చెంప మీద పిండి.

"ఇప్పుడు చెప్పు. వంటిల్లు ఎవురిది?"

మా మామ కళ్ళు తుడుచుకున్నాడు. పొగ అని తర్వాత చెప్పాడు కానీ, ఆ రోజు పుల్లలు బాగా ఎండినవి. "నీదేనప్పా" అన్నాడు. "నీది కాకుంటే ఇంకెవురిది?"

నేను అప్పుడు అరిచాను. ఆపుకోవటం నా వల్ల కాలేదు. మా ఆయన హాల్లోంచి పరుగెత్తుకొచ్చాడు. గోడ మీదుగా ఇరుగమ్మ తల కనిపించింది.

"లేసినావు గదా, ఇంక రా, కూచోని తిందాం" అన్నాడు మామ.

అత్త ఆయన మాట వినిపించుకోలేదు. మళ్ళీ రెండు మెట్లూ దిగి, తన చోట కూర్చుని, కాళ్ళు కిందికి వేలాడేసుకుంది. "ఇంకా పది ఓళిగలుండాయి. నువ్వు పో" అంది. ఆయన వెనక్కి తిరిగాడు. "పోయే ముందర ఆ నెయ్యి గిన్నె ఇట్ల అందియ్యి" అంది.

మా మామ వంగి, నెయ్యి గిన్నె ఆమెకు అందించాడు.